ట్రాక్ మీద టైరును చదవడం ఎలా: కడప నుంచి రేసుకు వెళ్లేవాళ్ల కోసం

మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు ఇంటి ముందు పరిచిన కడప బండల మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసి చూడండి. మొదటి అడుగుకు చురుక్కుమంటుంది. రెండో అడుగుకు కాలు ఎత్తేస్తారు. మూడో అడుగుకు నీడలోకి పరిగెత్తుతారు. రేసు కారు టైరుకు ఆ అవకాశం లేదు. అంతకంటే వేడిగా ఉన్న తారు మీద, కారు బరువు మోస్తూ, బ్రేకు వేసిన ప్రతిసారీ, మలుపు తిప్పిన ప్రతిసారీ ఇంకా కాలుతూ ఇరవై నిమిషాలు అక్కడే ఉండాలి.

మా నాయనది కడపలో లారీ టైర్ల రీసోలింగ్ షాపు. బడి లేనప్పుడల్లా నేను అక్కడే ఉండేవాణ్ణి. ఇప్పుడు చెన్నై దగ్గర రేసులకు వెళ్లే మిత్రుల కార్లకు టైర్ల పని చూస్తున్నాను. రెండు చోట్లా తెలుసుకున్నది ఒకటే. టైరును ముందు వేడి దెబ్బతీస్తుంది, అరుగుదల దాని వెనక వస్తుంది. వేడి ఎక్కడ ఎంత పుట్టిందో తెలిస్తే రబ్బరు ఎక్కడ పోతుందో ముందే చెప్పొచ్చు. అందుకే కింద చెప్పేదంతా వేడి లెక్క చుట్టూనే ఉంటుంది.

ఇది మామూలు హ్యాచ్‌బ్యాక్‌తో మొదటిసారి ట్రాక్ డేకి, అంటే సొంత కారును రేసు ట్రాక్ మీద నడిపే రోజుకు, వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను. కడప నుంచి చెన్నై రమారమి 260 కిలోమీటర్లు. రాజంపేట, కోడూరు, రేణిగుంట, పుత్తూరు మీదుగా పోతే శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో 1990లో మొదలైన ట్రాక్ ఉంది. ఒక రౌండు 3.7 కిలోమీటర్లు. ఒక మాట ముందే చెప్పాలి. ఇందులో ఏ ఒక్కటీ కడప బైపాస్ మీద చేసి చూడకండి. అక్కడ అడ్డం వచ్చేది ఎవరో ఒకరి బిడ్డ అవుతుంది.

ముందు తెలుసుకోవాల్సింది: పట్టు ఎక్కడి నుంచి వస్తుంది

ఒక్కో టైరు నేలను తాకే చోటు ఇంచుమించు మీ అరచెయ్యంత. నాలుగు అరచేతుల మీద కారు మొత్తం నిలబడి ఉంటుంది. అక్కడ రబ్బరు రెండు పనులు చేస్తుంది. నేలకు అంటుకుంటుంది, తారులోని కంకర గరుకుల చుట్టూ దిగబడి వాటిని పట్టుకుంటుంది. రబ్బరు చల్లగా ఉంటే గట్టిగా ఉంటుంది, ఈ రెండూ సరిగా జరగవు. మరీ వేడెక్కితే మెత్తబడి, నేలను పట్టుకోవాల్సిన పొర తానే చిరిగిపోతుంది. ఈ రెంటి మధ్య ఒక మంచి వేడి ఉంటుంది. స్లిక్ టైర్లకు, అంటే గాళ్లు లేని నున్నటి రేసు టైర్లకు, అది సుమారు 80 నుంచి 110 డిగ్రీలు. రోడ్డు టైర్లకు అంతకంటే తక్కువ.

ఇంకో సంగతి చాలామంది నమ్మరు. టైరు కొంచెం జారితేనే పట్టు వస్తుంది. మలుపులో చక్రం చూసే దిక్కు ఒకటి, కారు వెళ్లే దిక్కు ఇంకొకటి. ఆ రెంటి మధ్య కోణాన్ని స్లిప్ యాంగిల్ అంటారు. అది పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. చాలా టైర్లకు 6 నుంచి 10 డిగ్రీల మధ్యలో శిఖరానికి చేరి ఆ తర్వాత తగ్గడం మొదలవుతుంది. శిఖరం దాటాక పట్టు తగ్గుతుంది గానీ వేడి పెరుగుతూనే ఉంటుంది. స్టీరింగు ఇంకా ఇంకా తిప్పేవాడి కారుకు ముందువైపు టైర్లు తొందరగా చచ్చేది ఇందుకే. వాడు మలుపు తిరగడానికి ఖర్చు పెట్టాల్సిన రబ్బరును వేడి పుట్టించడానికి ఖర్చు పెడుతున్నాడు.

1. టైరు ఎంచుకోవడం

మొదటిసారికి ఖరీదైన టైర్లు కొనొద్దు. ఉన్నవే బాగుంటే వాటితోనే వెళ్లండి. కానీ నాలుగు విషయాలు చూడకుండా మాత్రం కడప దాటొద్దు.

టైరు పక్కన చివర నాలుగంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. గ్రిప్పు ఎంత నిండుగా కనిపించినా ఐదేళ్లు దాటిన టైరును నేను ట్రాక్ మీదికి పోనివ్వను. ఎండలో నిలబడిన బండి టైరు వాడకపోయినా గట్టిపడుతుంది, పక్కల్లో సన్నని వెంట్రుక పగుళ్లు వస్తాయి. మన ఎండల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

సైజు పక్కనే ఉండే అక్షరం వేగం హద్దు చెబుతుంది. ఎస్ అంటే గంటకు 180, హెచ్ అంటే 210, వీ అంటే 240 కిలోమీటర్లు. కనీసం హెచ్ ఉండాలి.

రీసోలింగ్ చేసిన టైరు ట్రాక్‌కు పనికిరాదు. మా ఇంటి అన్నం ఆ పని మీదే వచ్చింది కాబట్టి ఆ పనిని చులకన చేసి అంటున్న మాట కాదిది. లారీ నిదానంగా, ఒకే తీరున పరిగెత్తుతుంది, దానికి అది సరిపోతుంది. ట్రాక్ మీద పక్కకు లాగే బలం అతికించిన పొరను విప్పేస్తుంది.

నాలుగోది వింతగా ఉంటుంది. ట్రాక్‌కు కొత్త టైరు కంటే సగం అరిగిన టైరే మేలు. కొత్త టైరు గ్రిప్పు బటన్లు ఎత్తుగా ఉంటాయి. మలుపులో అవి అటూ ఇటూ వంగుతాయి, వంగిన ప్రతిసారీ లోపల వేడి పుడుతుంది. చివరికి ముక్కలు ముక్కలుగా ఊడిపోతాయి. కొన్ని దేశాల్లో రేసుల వాళ్లు కొత్త రోడ్డు టైర్లను మెషిన్ మీద చెక్కించి మరీ వాడతారు. మీరు ఆ ఖర్చు పెట్టనక్కర్లేదు, సగం అరిగినవి వేసుకుంటే చాలు. తిరిగి ఇంటికి కూడా వాటి మీదే రావాలి కాబట్టి గాళ్ల మధ్యలో ఉండే 1.6 మిల్లీమీటర్ల గుర్తుకు బాగా పైన ఉండేలా చూసుకోండి.

2. కడపలోనే ముగించాల్సిన పనులు

అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించండి. అలైన్‌మెంట్ కాగితం దగ్గర పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

షాపులో నాయన నాకు మొదట నేర్పిన పని టైరును నిమరడం. గేజి తీసేలోపు చెయ్యి చెప్పేస్తుందనేవాడు. అరచెయ్యి టైరు మీద ఆనించి అడ్డంగా, బయటి అంచు నుంచి లోపలి అంచుకు నిమరండి. మళ్లీ లోపలి నుంచి బయటికి నిమరండి. రెండు వైపులా ఒకేలా ఉంటే అలైన్‌మెంట్ బాగుంది. లోపలికి నిమిరితే నున్నగా, బయటికి నిమిరితే రంపపు పళ్లలా గుచ్చుకుంటే చక్రాల ముక్కులు లోపలికి తిరిగి ఉన్నాయి, అంటే టో-ఇన్ ఎక్కువ. దానికి వ్యతిరేకంగా ఉంటే టో-అవుట్ ఎక్కువ. వైర్లు బయటపడిన టైరును మాత్రం ఇలా నిమరొద్దు, చెయ్యి కోసుకుంటుంది.

దుకాణంలో కొనాల్సినవి మూడే. మంచి గాలి గేజి, ఒక నోటుబుక్కు, తెల్ల బూటు పాలిష్ సీసా. కుదిరితే సూది ఉన్న థర్మామీటర్ కూడా, దాని సంగతి కింద చెబుతాను. చక్రాల నట్లు బిగించడానికి టార్క్ రెంచి ఎవరి దగ్గరైనా అడిగి తీసుకెళ్లండి.

3. గాలి: ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే

టైరులో గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో లెక్క కట్టొచ్చు. మామూలు కారు టైరులో ప్రతి 6, 7 డిగ్రీల వేడికి సుమారు 1 పీఎస్ఐ (గేజి మీద కనిపించే ఒత్తిడి కొలత, వాడుకలో పాయింటు). పొద్దున 30 డిగ్రీల వేడిలో 30 పీఎస్ఐ పెట్టారనుకుందాం. ట్రాక్ మీద లోపలి గాలి 70 డిగ్రీలకు చేరితే గేజి 36 దగ్గర నిలుస్తుంది. మీరు పెట్టింది 30, కారు పరిగెత్తింది 36 మీద. పొట్ట ఉబ్బిన టైరు నేలను మధ్యలోనే తాకుతుంది, మధ్యలోనే కాలుతుంది.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది వేడి మీద ఎంత ఉండాలన్నది. మామూలు హ్యాచ్‌బ్యాక్ ముందు టైర్లకు వేడి మీద 34 అనుకుని మొదలుపెట్టొచ్చు. అక్కడి నుంచి వెనక్కి లెక్క వేస్తే, 30 డిగ్రీల పొద్దున చల్లటి టైరులో 28 పెట్టాలి. అదే పని 40 డిగ్రీల మధ్యాహ్నం చేస్తే 29.5 నుంచి 30 వరకు పెట్టాలి. చల్లటి టైరు అంకె రోజంతా ఒకటే ఉండదు, వేడి మీద ఉండాల్సిన అంకె మాత్రం మారదు. ఇది పట్టుబడితే సగం పని అయిపోయినట్టే.

ఒకసారి మా వాళ్లతో వచ్చిన కుర్రాడు రెండో సెషన్‌కు (ట్రాక్ మీద ఒక విడత పరుగును సెషన్ అంటారు) ముందు నా దగ్గరికొచ్చి, "అన్నా, కుడిపక్క రెండు టైర్లలో గాలి ఎక్కువుండె, రెండు పాయింట్లు తీసేసినా" అన్నాడు. కారు గంట నుంచి ఆగి ఉంది. కుడి పక్కన నేరుగా ఎండ పడుతోంది, ఎడమ పక్క షెడ్డు నీడలో ఉంది. "ఎండ కొట్టిన టైరు కదా అబ్బీ, ఆ రెండు పాయింట్లు ఎండవి" అన్నాను. పరిగెత్తడం మొదలైతే నాలుగూ ఒకే వేడికి వస్తాయి, అప్పుడు కుడి పక్కవి రెండు పాయింట్లు తక్కువ పడతాయి. మళ్లీ నింపి పంపాము. గాలి కొలిచే ముందు నాలుగు చక్రాలూ నీడలో ఉండాలి, లేకపోతే నాలుగూ ఎండలో ఉండాలి.

నైట్రోజన్ గురించి అందరూ అడుగుతారు. మామూలు గాలిలో దాదాపు 78 శాతం నైట్రోజనే ఉంది. రేసుల్లో దాన్ని వాడేది అందులో తడి ఉండదని. కంప్రెసర్‌లో నీళ్లు చేరితే ఆ తడి టైరులోకి పోయి, వేడికి ఆవిరై, ఒత్తిడి లెక్కకు మించి పెరుగుతుంది. మీరు గాలి కొట్టించే చోట ట్యాంకు కింది నీళ్లు వదిలించి కొట్టమంటే చాలు.

4. మొదటి రెండు రౌండ్లు

పెద్ద రేసుల్లో టైర్లను కరెంటు దుప్పట్లలో చుట్టి ముందే వేడి చేస్తారు. మనకు ఆ దుప్పటి ఆ మొదటి రెండు రౌండ్లే. కారును అటూ ఇటూ ఊపడం టీవీలో బాగా కనిపిస్తుంది గానీ దానివల్ల పైపొర మాత్రమే వేడెక్కుతుంది. నిటారు దారిలో గట్టిగా, చక్రం లాక్ కాకుండా బ్రేకు వేయడం, మళ్లీ వేగం అందుకోవడం మేలు. బ్రేకుల వేడి రిమ్ము ద్వారా టైరు లోపలికి పోతుంది. పైపొర కాలిపోయి లోపల చల్లగా ఉన్న టైరు అన్నిటికంటే ప్రమాదం. పట్టు ఉందనిపిస్తుంది, ఒక మలుపు దాటాక ఉండదు.

చెవి కూడా వాడండి. హద్దు దగ్గర ఉన్న టైరు సన్నగా మూలుగుతుంది. హద్దు దాటితే కూత పెడుతుంది. మూలుగు వినిపిస్తే సరిగ్గా నడుపుతున్నారు. కూత వినిపిస్తే స్టీరింగు కొంచెం సడలించండి.

5. పిట్‌లోకి వచ్చిన మొదటి రెండు నిమిషాలు

ఈ రెండు నిమిషాల కోసమే మిగతా రోజంతా. డ్రైవరు చల్లార్చుకునే రౌండు మరీ నిదానంగా వేస్తే కొలవాల్సిన వేడి పోతుంది. కాబట్టి వేగంగా తిరిగి నేరుగా పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి, రమ్మని చెప్పండి. హ్యాండ్‌బ్రేకు లాగొద్దు, కాలిన డిస్కుకు ప్యాడ్లు అతుక్కుంటాయి. చక్రం కింద ఇటుకో చెక్కో పెట్టండి.

ముందు ఎడమ చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చోండి. ఆ ట్రాక్ గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది, కుడి మలుపులే ఎక్కువ, బరువంతా ఎడమ టైర్ల మీద పడుతుంది. పైగా ముందు చక్రాలతో నడిచే కారైతే లాగడం, తిప్పడం, ఆపడం మూడూ దాని నెత్తినే. దగ్గరగా చూస్తే రబ్బరు మీద తడి ఆరని జిగురులాంటి మెరుపు ఉంటుంది. గోరుతో నొక్కితే గుర్తు పడి మెల్లగా పైకి లేస్తుంది. కాలిన బెల్లం పాకంలాంటి ఘాటు వాసన వస్తుంది. అంచుల దగ్గర గోధుమ గింజంత రబ్బరు ఉండలు అతుక్కుని ఉంటాయి, మధ్యలో ఇసుక రేణువులు.

సూది థర్మామీటర్‌ను పైపొర దాటి కొంచెం లోపలికి గుచ్చి మూడు చోట్ల కొలవండి. లోపలి అంచుకు ఇవతల, మధ్యలో, బయటి అంచుకు ఇవతల. తుపాకీలా గురిపెట్టి కొలిచేది పైపొర వేడినే చెబుతుంది, అది గాలి తగిలి క్షణాల్లో మారుతుంది. అదే ఉంటే అదే వాడండి, కానీ నాలుగు చక్రాలూ అర నిమిషంలో ముగించాలి. ఆ వెంటనే గాలి ఒత్తిడి కొలవండి. అన్నీ నోటుబుక్కులో రాయండి. టైము, నేల వేడి, ఎన్ని రౌండ్లు అన్నది కూడా.

ఇప్పుడు అంకెలు చదవడం. ముందు ఎడమ టైరు లోపల 72, మధ్యలో 78, బయట 91 డిగ్రీలు వచ్చాయనుకుందాం. షోరూము నుంచి వచ్చిన హ్యాచ్‌బ్యాక్‌లో సరిగ్గా ఇలాంటి అంకెలే వస్తాయి.

మొదట మధ్య అంకెను చూడండి. రెండు అంచుల సగటు 81.5. మధ్యలో ఉన్నది 78, సగటు కంటే తక్కువ. అంటే మధ్య భాగం నేలను గట్టిగా తాకడం లేదు, గాలి కొంచెం తక్కువ. సగటు కంటే ఎక్కువ ఉంటే గాలి ఎక్కువైనట్టు.

తర్వాత అంచుల తేడా. బయటి అంచు లోపలి అంచు కంటే 19 డిగ్రీలు ఎక్కువ కాలింది. కారు మలుపులో పక్కకు ఒరిగి టైరు భుజం మీద పరిగెత్తుతోంది. రేసు కార్ల చక్రాలను పైన లోపలికి వాల్చి పెట్టేది ఇందుకే, దాన్ని నెగటివ్ క్యాంబర్ అంటారు. అది సరిగా ఉన్న కారులో లోపలి అంచే బయటిదానికంటే 5 నుంచి 8 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. పదిహేను దాటితే వాలు ఎక్కువైందని అర్థం.

మామూలు కారులో క్యాంబర్ మార్చుకునే వీలు ఎక్కువ ఉండదు. మన చేతిలో ఉన్నది గాలే. రెండు పాయింట్లు పెంచి మళ్లీ పంపండి. తర్వాతి సెషన్‌లో 74, 83, 89 వస్తే దారిలో పడ్డట్టే. సగటు 81.5, మధ్యలో 83. భుజం ఇంకా ఎక్కువే కాలుతోంది గానీ తేడా 15కు తగ్గింది. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. గాలీ, డ్రైవరు పద్ధతీ రెండూ ఒకేసారి మారితే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

థర్మామీటర్ లేనివాళ్లకు బూటు పాలిష్. సెషన్‌కు ముందు టైరు భుజం మీద, పక్కగోడ నుంచి గ్రిప్పు వరకు మూడు చోట్ల తెల్ల గీత గీయండి. చాలా టైర్లకు భుజం దగ్గర చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. తిరిగొచ్చాక గీత ఆ త్రికోణం కొన దాకా చెరిగిపోతే టైరు సరిగ్గా వాడుతున్నారు. కొన దాటి పక్కగోడ మీదికి చెరిగితే టైరు బోర్లా పడుతోంది, గాలి పెంచండి. కొనకు చాలా పైనే ఆగితే గాలి ఎక్కువ. రూపాయల్లో అయిపోయే ఈ పద్ధతి మీద నాకు చాలా గౌరవం.

6. టైరు ముఖం మీద కనిపించే జబ్బులు

సన్నని రబ్బరు ఉండలు ఒరిపిడికి లేచి పైపొర మీదే అతుక్కుని చిన్న చిన్న అలల్లా కనిపిస్తే అది గ్రెయినింగ్. లోపల ఇంకా చల్లగా ఉన్న టైరును పక్కకు గట్టిగా జార్చినప్పుడు వస్తుంది. చపాతీ పిండి చేతులకు అంటుకుని ఉండలు కట్టినట్టే. రెండు మూడు రౌండ్లు నెమ్మదిగా నడిపితే చాలాసార్లు అదే అరిగిపోయి నునుపు తిరిగొస్తుంది. కంగారుపడి పిట్‌లోకి రానక్కర్లేదు.

పైకి బాగుండి మధ్యలో గుంతలు, బుడగలు పగిలినట్టు కనిపిస్తే అది బ్లిస్టరింగ్. ఇది లోపలి వేడి. రబ్బరు లోపలే ఉడికి, బుడగ కట్టి పగులుతుంది. ఇది తగ్గే జబ్బు కాదు, టైరు పని అయిపోయింది. గ్రెయినింగ్‌నూ దీన్నీ ఒకటే అనుకోకండి. ఒకటి పైన, ఒకటి లోపల. ఒకటి చలువ వల్ల, ఒకటి ఉడుకు వల్ల.

చక్రం లాక్ అయి జారితే ఒకేచోట చదునుగా గీరుకుపోతుంది, ఫ్లాట్ స్పాట్. ఆ తర్వాత ప్రతి చుట్టుకూ అక్కడ దడదడమంటుంది. చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ 2005లో నూర్‌బుర్గ్‌రింగ్‌లో జరిగిన యూరోపియన్ గ్రాండ్ ప్రీని తలుచుకోండి. ఆ ఏడాది ఫార్ములా వన్‌లో రేసు మధ్యలో టైర్లు మార్చకూడదనే నిబంధన ఉండేది. ముందంజలో ఉన్న కిమి రైకోనెన్ కారుకు ముందు కుడి టైరు మీద ఫ్లాట్ స్పాట్ పడింది. ఆ దడ సస్పెన్షన్‌ను తింటూ తింటూ సరిగ్గా చివరి రౌండులో విరిచేసింది. వెనకే వస్తున్న అలోన్సో గెలిచాడు. మీ కారులో ఆ దడ చేతులకు తెలిస్తే ఆ సెషన్ అక్కడితో ఆపేయండి.

పక్కగోడ మీద ఉబ్బు వస్తే లోపలి దారాలు తెగినట్టు. ట్రాక్ అంచు కట్టల మీదికి గట్టిగా ఎక్కితే ఇలా అవుతుంది. దానికి మందు లేదు, టైరు పారేయాలి.

టైరు చెబుతున్నది వింటే ఒక్కోసారి ఎంత దూరం పోవాల్సి వస్తుందో 2005లోనే ఇండియానాపొలిస్‌లో జరిగిన ఫార్ములా వన్ రేసులో ప్రపంచం చూసింది. వాలుగా కట్టిన వేగవంతమైన మలుపులో మిషెలిన్ టైర్లు దెబ్బతింటున్నాయని ప్రాక్టీసులోనే బయటపడింది. ఆ టైర్లు వేసుకున్న 14 కార్లూ రేసు మొదలవకముందే తప్పుకున్నాయి. ఆరు కార్లతోనే రేసు నడిచింది. మన నరైన్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చింది ఆ రేసులోనే. తప్పుకోవడం ఆ రోజు చాలామందికి కోపం తెప్పించింది. టైర్ల పని చేసేవాడిగా నాకు అది సరైన నిర్ణయమే.

7. రేసు దూరం లెక్క: దాచుకోవడమా, ఖర్చు పెట్టడమా

2011 నుంచి ఫార్ములా వన్‌కు టైర్లన్నీ పిరెల్లీవే. ఒక్కో రేసుకు మూడు రకాల రబ్బరు తెస్తారు. తెల్ల గీత గట్టిది, పసుపు మధ్యరకం, ఎరుపు మెత్తది. మెత్తది తొందరగా వేడెక్కి ఎక్కువ పట్టు ఇస్తుంది, తొందరగా పోతుంది. పొడి రేసులో కనీసం రెండు రకాలు వాడాలని సాధారణ నిబంధన. దానివల్ల టైర్లు ఎప్పుడు మార్చాలన్నదే సగం ఆట అయింది.

2013 అక్టోబరు 27న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన ఇండియన్ గ్రాండ్ ప్రీ దీనికి మంచి పాఠం. మెత్త టైర్లు ఆ ట్రాక్ మీద ఎక్కువసేపు నిలవవని అందరికీ తెలుసు. మెత్తటి వాటితోనే ముందు వరసలో మొదలుపెట్టిన సెబాస్టియన్ వెటెల్ రెండో రౌండు చివరే పిట్‌లోకి వచ్చి వాటిని వదిలించుకున్నాడు. వెనక చాలా దూరం పడ్డాడు. మధ్యరకం టైర్లతో ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి రేసు గెలిచి, నాలుగో ప్రపంచ టైటిల్ కూడా ఆ రోజే ఖాయం చేసుకున్నాడు.

మీకు పిట్ స్టాప్ ఉండదు. ఒకే సెట్టు మీద మూడు నాలుగు సెషన్లు నడవాలి. కాబట్టి వేడిని సెషన్ లోపలే పంచుకోవాలి. మూడు వేగపు రౌండ్లు, ఒకటి నెమ్మదిగా, మళ్లీ మూడు. మలుపులోకి బ్రేకును ఒక్కసారిగా వదలకుండా మెల్లగా వదలండి. బయటికి వచ్చేటప్పుడు స్టీరింగు నిటారయ్యేకొద్దీ యాక్సిలరేటర్ పెంచండి. టైరు దగ్గర ఉన్న పట్టు ఒక సంగటి ముద్ద లాంటిది. తిప్పడానికి సగం పెడితే లాగడానికి సగమే మిగులుతుంది.

కార్లన్నీ ఎప్పుడూ నడిచే దారి (రేసింగ్ లైన్) తప్పి బయటికి వెళ్తే అక్కడ రేసు కార్లు రాల్చిన రబ్బరు ముక్కలు పరుచుకుని ఉంటాయి. అవి మీ టైరుకు అతుక్కుంటే కారు గోలీల మీద ఎక్కినట్టు జారుతుంది. రెండు మలుపులు నిదానంగా తిప్పితే రాలిపోతాయి.

8. వాన పడితే

పొడి నేలకు గాలి ఎంత ముఖ్యమో తడి నేలకు గాళ్లు అంత ముఖ్యం. గాళ్లు నీళ్లను పక్కకు తోయకపోతే టైరు నీటి మీద తేలుతుంది. ఫార్ములా వన్ పూర్తి వాన టైరు గంటకు 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 85 లీటర్ల నీటిని తోస్తుందని పిరెల్లీ లెక్క. అంటే సెకనుకు దాదాపు ఆరు బిందెలు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా-ఈ అనే కరెంటు కార్ల రేసులో మాత్రం స్లిక్‌లే లేవు. ఎండకూ వానకూ ఒకటే గాళ్ల టైరు. మీ టైర్లు సగం కంటే ఎక్కువ అరిగి ఉండి వాన పడితే ఆ సెషన్ వదిలేయండి.

9. ఇంటిదారి

బయల్దేరే ముందు మూడు పనులు. చక్రాల నట్లు చల్లారాక టార్క్ రెంచితో మళ్లీ బిగించండి, వేడికి కొన్ని సడలుతాయి. నోటుబుక్కులో నాలుగు టైర్ల లోతు, మూడేసి చోట్ల, రాయండి. ముందు ఎడమది బాగా అరిగి ఉంటుంది. టైర్లకు తిరిగే దిశ గుర్తు లేకపోతే ఇంటికెళ్లాక దాన్ని వెనక కుడికి మార్చండి. ఇలా వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రబ్బరు కొంత గట్టిపడుతుంది. గ్రిప్పు మిగిలి ఉన్నా పది పన్నెండు సెషన్ల తర్వాత పట్టు తగ్గినట్టు అనిపించేది ఇందుకే. ఎన్ని సెషన్లు తిరిగాయో ఆ లెక్క పుస్తకంలో ఉంచండి.

మూడోది, అందరూ మరిచిపోయేది. ట్రాక్ మీద వేడి టైరులోంచి గాలి తీసేసి ఉంటారు. సాయంత్రానికి చల్లారితే అది 27కో 28కో దిగుతుంది. మనుషులు, సామాను, స్టెప్నీతో నిండిన కారు ఆ గాలితో హైవే మీద గంటల తరబడి పరిగెత్తితే పక్కగోడలు వేడెక్కుతాయి. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉన్న అంకెకు నింపుకుని బయల్దేరండి. కోడూరు దగ్గర టీకి ఆగినప్పుడు ఫోను టార్చి వేసి నాలుగు టైర్ల లోపలి వైపు కూడా చూడండి. అక్కడ ఉబ్బు కనిపిస్తే టీ తాగేలోపు స్టెప్నీ వేసుకుని, మిగతా దారి గంటకు అరవై దాటకుండా రండి.